మకరం తొట్టి

గలిలయ సముద్రపు ఒడ్డున ఉన్న మా మగ్దలలో ఎవరింటి గడప ముందు నిలబడినా "క్షేమమేనా" అని పలకరిస్తారు. జక్కూరు గడప ముందు మాత్రం "మకరం వచ్చిందా?" అని పలకరించేవాళ్ళు. "ఇంకా రాలేదు" అని ఆయన మామూలుగా జవాబు చెప్పేవాడు, పొరుగూరు వెళ్ళిన మేనత్త గురించి అడిగినట్టు. అడిగినవాళ్ళు సందు మలుపు తిరిగి నవ్వుకుంటారని ఆయనకు తెలియక కాదు. నవ్వినవాళ్ళందరినీ మనసులో గుర్తు పెట్టుకున్నాడు. విందు రోజున వాళ్ళ ఆకుల్లో తోక ముక్కలు వెయ్యాలని ఎప్పుడో తీర్మానించుకున్నాడు కూడా.

మెస్సీయ వచ్చిన నాడు దేవుడు నీతిమంతులందరికీ పెద్ద విందు చేస్తాడనీ, ఆ విందు కోసం సముద్రం అడుగున దాచి ఉంచిన లెవియాతాను అనే మహా మకరాన్ని పైకి లాగిస్తాడనీ మావాళ్ళ నమ్మకం. ఈ సంగతి మా ఊళ్ళో పాలు మరిచిన పిల్లలకు కూడా తెలుసు. రోము సైనికులు పోతారు, చెదిరిపోయిన గోత్రాలు తిరిగొస్తాయి, దావీదు వంశపువాడు సింహాసనం ఎక్కుతాడు, అందరూ కూర్చుని మకరం తింటారు. విన్నవాళ్ళంతా సంతోషించి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. జక్కూరు తండ్రి హల్ఫై ఒక్కడే ఆ మాట విని బెంగపెట్టుకున్నాడు.

ఆయన చేపలు ఉప్పులో ఊరవేసే మనిషి. ఆయన బెంగ అలాంటిదే. అంత పెద్ద చేపను గలిలయ ఎండల్లో ఒక్క పూటలో తినెయ్యడం ఎవరి తరం? మర్నాటికి వాసన వెయ్యదా? ఎన్నో తరాలు ఎదురుచూసిన విందు కంపు కొడితే ఇశ్రాయేలు పరువేం కావాలి? కాబట్టి ఉప్పు వెయ్యక తప్పదు. ఉప్పు చేపకు మగ్దలను మించిన ఊరు లేదు, కాబట్టి మకరాన్ని ఇక్కడికే తేక తప్పదు. ఇంతదాకా ఆలోచించాక హల్ఫైకి నిద్ర పట్టలేదు. పెరట్లో తొట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

దాన్ని తొట్టి అనడం మా ఊరివాళ్ళ మర్యాద. నల్లరాతి నేలను తొలిచి, లోపల సున్నం పూసి, దిగడానికి మెట్లు కట్టి ఆయన తయారుచేసింది ఒక గది. అందులో మేకలు పడేవి. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ పడ్డాడు. "దాని తోకైనా పడుతుందా ఇందులో?" అని ఎవరైనా అడిగితే "అంత చేపను అలాగే ఎవడు ఊరేస్తాడయ్యా, ముక్కలు చేస్తాం" అని హల్ఫై ఓపికగా చెప్పేవాడు.

ముక్కలు చెయ్యకుండానే ఆయనకు పోయే వేళ వచ్చింది. కొడుకుని దగ్గరకు పిలిచాడు.

"ఒరే జక్కూరూ, ఇందులో మామూలు చేప వెయ్యకు. వాసన పట్టేస్తుంది. ఆయన వచ్చేసరికి తొట్టి కొత్తగా ఉండాలి. ఒట్టెయ్యి."

జక్కూరు దేవాలయం మీద ఒట్టు వేశాడు. హల్ఫై తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లోవాళ్ళు ఏడుపు అందుకోగానే మళ్ళీ కళ్ళు తెరిచి "ఏటా పస్కా పండుగకు ముందు సున్నం వేయించు" అని చెప్పి, అప్పుడు నిజంగా పోయాడు.

తొట్టితోపాటు ఉప్పు చల్లే తండ్రి చెయ్యి కూడా జక్కూరుకు వచ్చింది. అది చాలా పెద్ద చెయ్యి. వేలెడంత చేపకు ఎంత ఉప్పు పడుతుందో జక్కూరుకు తెలుసు గాని, ఆయన మనసు వేలెడంత చేప మీద ఎప్పుడూ ఉండేది కాదు. పరధ్యానంగా గుప్పెళ్ళతో చల్లేవాడు. ఆయన చేప తిన్నవాళ్ళు లేచి బావి ఎక్కడుందని అడిగేవాళ్ళు. దమస్కు వర్తకులకు మాత్రం అదే ఇష్టం, ఎడారిలో ఎన్నాళ్ళు మోసినా పాడవదు కాబట్టి. దానికి పాడయ్యే ధైర్యం లేదని ఆయన భార్య షెలోమీతు అనేది.

షెలోమీతుకు ఆ తొట్టి మీద కాపురానికి వచ్చిన రోజు నుంచీ కోపమే. సున్నం పూసిన గోడలు, దిగడానికి మెట్లు చూసి, అత్తవారు శుద్ధిస్నానాలకు సొంత తొట్టి కట్టించుకున్న కలిగినవాళ్ళని ఆ పిల్ల మురిసిపోయింది. తుడుచుకునే బట్ట భుజాన వేసుకుని భక్తిగా మెట్లు దిగింది. చివరి మెట్టు దాకా వెళ్ళినా నీళ్ళు తగల్లేదు. పైనుంచి అత్తగారు గుండెలు బాదుకుంది, మకరం ఉండాల్సిన చోట కోడలు కాలు పెట్టిందని. ఆ తర్వాత ఏటేటా పస్కాకు ముందు ఆ కాలే అందులో దిగి సున్నం వెయ్యాల్సి వచ్చింది.

"లేని చేప ఇంటికి ఏటా సున్నం. ఉన్న మనుషుల ఇంటికి పైకప్పు కారుతోంది" అని ఆమె లోపలి నుంచి అరిస్తే తొట్టి ఆ మాటను ఊరంతా వినపడేలా పెంచి చెప్పేది.

ఇలా రోజులు గడుస్తుండగా షెలోమీతు తమ్ముడు అదాయా పడవ బాగుచెయ్యడానికి కపెర్నహూము వెళ్ళాడు. పడవల వడ్రంగి. మంచివాడు, కాకపోతే ఏ విషయమైనా సగంలో మొదలుపెట్టే మనిషి. తిరిగి వస్తూనే బావ పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, వచ్చేశాడు."

జక్కూరు చేతిలో ఉప్పు గంప కింద పడింది. "ఎవరు?"

"మెస్సీయ."

"ఎక్కడ? యెరూషలేములోనా? ఏమేవ్, ఆ తొట్టి మీద కప్పు తియ్యి. ఎప్పుడొచ్చాడురా?"

"ఇరవై ఏళ్ళ పైమాటే."

జక్కూరు వంగి గంప తీసుకున్నాడు. మళ్ళీ దించి నడుముల మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇరవై ఏళ్ళ కిందట వచ్చినవాడి గురించి ఇప్పుడా నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చేది?"

"నాకు ఇప్పుడే తెలిసింది బావా. నజరేతువాడు. మన ఒడ్డునే పడవలో కూర్చుని మాట్లాడేవాడట."

జక్కూరు ఆ పేరు ఎప్పుడో విన్నాడు. ఆ మనిషి మా ఒడ్డున మాట్లాడిన రోజుల్లో ఆయన ఉప్పు సముద్రం దాకా ఉప్పు కొనడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఊళ్ళో అందరూ అదే చెప్పుకుంటున్నారు. ఆ తర్వాత యెరూషలేములో ఆ మనిషిని సిలువ వేశారని కూడా విన్నాడు. పాపం అనుకున్నాడు. అంతకంటే ఏమీ అనుకోలేదు.

"ఆయన్ని చంపేశారు కదరా."

"చంపారు. మూడోరోజు లేచాడు. ప్రవక్తలు చెప్పింది అదేనట బావా. మనం గుర్రం మీద వచ్చే రాజు కోసం చూశాం, ఆయన గాడిద మీద వచ్చాడు. మనం కొట్టేవాడి కోసం చూశాం, ఆయన దెబ్బలు తిన్నాడు. చిన్నవాడిగా రావడమే లేఖనమట."

"మరి రోమువాళ్ళు పోలేదేం? మొన్న తిబెరియలో సుంకం కట్టించుకున్నది ఎవరు, దేవదూతా?"

"అది ఆయన మళ్ళీ వచ్చినప్పుడు."

"ఒక పెళ్ళికొడుకు రెండుసార్లు ఊరేగుతాడా?" అన్నాడు జక్కూరు. ఇదంతా ఆయనకు పెద్దగా పట్టలేదు. ఆయన అడగదలచుకున్నది ఒకటే. "సరే, వచ్చాడే అనుకో. విందేది?"

అదాయా ముఖం వెలిగింది. "విందూ అయింది బావా. మన సముద్రం అవతలి ఒడ్డున, గడ్డి మీద. వేలమంది కూర్చుని తిన్నారు. మిగిలింది గంపలకెత్తారు."

"ఏం తిన్నారు?"

"రొట్టెలు. చేపలు."

"చేపలంటే?"

అదాయా కాస్త నసిగాడు. "రెండు."

"రెండు మకరాలా?"

"రెండు చిన్న చేపలు, బావా. ఉప్పు చేపలు."

జక్కూరు తొట్టి వైపు చూశాడు, తన చిటికెన వేలు చూసుకున్నాడు, మళ్ళీ తొట్టి వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ఏడుపొచ్చింది. నాన్న ఒంటిచేత్తో రాయి తొలిచాడు. తను ఊరందరి ముందూ నవ్వులపాలయ్యాడు. రెండు చిన్న చేపలట. చివరికి వృత్తి మనిషి గనుక అడగకుండా ఉండలేక అడిగాడు: "ఎవరి ఉప్పు?"

ఆ సంగతి అదాయా కనుక్కుని రాలేదు. మగ్దలలో మాత్రం కావలసినన్ని జవాబులు పుట్టాయి. ఆ చేపలు మా తొట్టివేనని మా ఊరి చేపల వర్తకులందరూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. నజరేతువాడి పేరెత్తితే ఉమ్మేసేవాళ్ళు కూడా ఆయన చేప మాదే అనేవాళ్ళు. జక్కూరు ఒక్కడే ఒప్పుకోలేదు.

"నావి మాత్రం కావు" అన్నాడు సమాజమందిరం అరుగు మీద, అందరి ముందూ. "నావే అయితే వేలమంది దాహంతో నాలుక వేలాడేసుకునేవాళ్ళు. అంతమంది తిన్నారు, ఒక్కడూ నీళ్ళడిగాడని ఎవరూ చెప్పలేదు."

అందరూ నవ్వారు. మందిరం పెద్ద యోయెజెరు కూడా నవ్వి, వెంటనే ముఖం గంభీరం చేసుకున్నాడు. ఆయనకు అదాయా అంటే పడదు. అదాయా, ఇంకొందరు వారం మొదటి రోజున పడవల కొట్టంలో కలిసి భోంచేస్తారనీ, ఆ నజరేతువాణ్ణి తలుచుకుని రొట్టె విరుస్తారనీ ఆయనకు తెలుసు. ఒకసారి అదాయా మందిరంలో లేచి, చదివిన లేఖనం ఆ నజరేతువాడి గురించేనని చెప్పబోతే "కూర్చో, పడవకి చీలలు కొట్టుకునేవాడివి నువ్వు నాకు చెప్పొచ్చావా" అని కూర్చోబెట్టాడు. అప్పటినుంచీ ఇద్దరూ ఎదురుపడితే ఒకరు సందులోకి తప్పుకునేవాళ్ళు. మా ఊరు చిన్నది కావడంతో ఇద్దరికీ సందులన్నీ బాగా అలవాటయ్యాయి.

ఆ ఏడు శీతాకాలం చాలా చెడ్డది. గాలి పడవలను ఒడ్డు దాటనివ్వలేదు. ఉత్తరపు రేవు జాలర్ల ఇళ్ళలో యవల గంజి తప్ప ఏదీ పొయ్యి ఎక్కలేదు. గాలి తగ్గాక పెద్ద పడవలవాళ్ళు ముందుగా వెళ్ళి చేపలు తెచ్చారు. ఊళ్ళోని ఊరతొట్లన్నీ వాటితో నిండిపోయాయి. ఉప్పులో వేసిన చేప వారాల తరబడి కదలకూడదు కదా. అవన్నీ నిండి మూతల మీద రాళ్ళు పెట్టాక, శుక్రవారం పొద్దున, ఉత్తరపు రేవు చిన్న పడవలు వచ్చాయి. వలలు తెగేంత చేప. పడవలు నీళ్ళను ఒరుసుకుంటూ వచ్చాయి. ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఏడుస్తూ నవ్వారు.

వేలెడంత చేపలు ఒడ్డు పొడుగునా కుప్పలు పడ్డాయి. మా ధర్మశాస్త్రం తినొద్దన్న పొలుసులేనివి ఏరి అవతల పారేశారు. అప్పుడు ఎవరో అడిగారు, వీటిని ఎక్కడ ఊరేస్తారని. తొట్లు లేవు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. సాయంత్రం కొమ్ము ఊదితే విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ తర్వాత చేపకు ఉప్పు రాయడం కాదు, ముట్టుకోవడం కూడా కుదరదు. మర్నాటి సాయంత్రానికి ఆ కుప్పలన్నీ కంపు.

మల్లూకు అని ఉత్తరపు రేవు జాలరి ఒకడున్నాడు. "మకరం వచ్చిందా" అని అందరికంటే గట్టిగా అరిచేవాడు అతనే. తోక ముక్కల వరసలో అతనిదే మొదటి ఆకు. ఆ మల్లూకు తడి బట్టలతోనే వచ్చి జక్కూరు గడప ముందు నిలబడ్డాడు. మకరం సంగతి అడగలేదు. తల వంచుకుని అలా నిలబడ్డాడు, కాళ్ళ కింద నీళ్ళు మడుగు కడుతున్నాయి.

జక్కూరు అతనికేసి చూడలేకపోయాడు. "నాకు ఒట్టుందయ్యా" అన్నాడు.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అంది షెలోమీతు లోపలి నుంచి.

"దేవాలయం మీద వేశానే. మా నాన్నకు వేశాను."

"ఒట్టు విప్పడానికి ముగ్గురు మనుషులు చాలు. పోయి యోయెజెరు గారిని పిలుచుకురా" అని ఆమె మల్లూకును తరిమింది.

ముగ్గురు మనుషులు దొరకడం అంత తేలిక కాలేదు. చేపల్లో వాటా ఉన్నవాడు కూర్చోకూడదని యోయెజెరు పట్టుబట్టాడు. మగ్దలలో చేపలో వాటా లేనివాడు ఎక్కడ దొరుకుతాడు? ఒకడు యోయెజెరే. ఇంకొకడు నేతగాడు పినెహాసు, అతనికి చేప వాసనే గిట్టదు. మూడోవాడు ఎంత వెతికినా అదాయా తప్ప కనపడలేదు.

"ఇతనా?" అన్నాడు యోయెజెరు. "బావమరిది పనికొస్తాడా?" అని తనలో తనే కాసేపు వాదించుకున్నాడు. పనికిరాడని చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. పనికొస్తాడనే తేలింది. ఎండ గోడ దిగుతోంది. ముగ్గురూ తొట్టి గట్టు మీద కూర్చున్నారు. యోయెజెరుకూ అదాయాకూ మధ్య పినెహాసు ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు.

ఒట్టు విప్పాలంటే దానికొక తలుపు దొరకాలి. అప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే ఒట్టు వేసేవాణ్ణి కాదని మనిషి నిజంగా చెప్పగలగాలి. యోయెజెరు గొంతు సవరించుకున్నాడు.

"జక్కూరూ, ఇలాంటి శుక్రవారం ఒకటొస్తుందని ఆనాడే తెలిస్తే నువ్వు ఒట్టేసేవాడివా?"

"వేసేవాణ్ణి" అన్నాడు జక్కూరు.

గుమ్మంలో నిలబడ్డ జాలర్లు ఒక్కసారి మూలిగారు.

"కాస్త ఆలోచించి చెప్పు నాయనా" అన్నాడు యోయెజెరు. ఆయన ఎవరినీ నాయనా అనగా మేం ఎప్పుడూ వినలేదు.

"ఆలోచించే చెప్తున్నానండీ. మా నాన్న ప్రాణం పోతోంది. ఆ పూట ఆయన ఈ సముద్రం మొత్తం తాగేస్తానని ఒట్టెయ్యమన్నా వేసేవాణ్ణి. మీరు అబద్ధం చెప్పమంటారా?"

అబద్ధం చెప్పమని యోయెజెరు అనలేడు. అదాయా అవకాశం చూసుకున్నాడు. "బావా, మెస్సీయ అప్పటికే వచ్చేశాడని తెలిసి ఉంటే—"

"ఇక్కడ నీ బోధలు వద్దు" అన్నాడు యోయెజెరు.

"వచ్చినా వేసేవాణ్ణే" అన్నాడు జక్కూరు. "అడిగింది మెస్సీయ కాదురా. మా నాన్న."

"కాస్త త్వరగా తేల్చండయ్యా" అన్నాడు పినెహాసు గుడ్డలోంచి.

అప్పుడు చీపురు చేతిలో పట్టుకుని తొట్టి మెట్ల మీద నిలబడి ఉన్న షెలోమీతు భర్త వైపు తిరిగింది. ఏళ్ళ తరబడి ఆ తొట్టిని తిట్టిన మనిషి ఇప్పుడు తిట్టలేదు.

"ఏమయ్యా, మీ నాన్న బతికుండగా ఒక్క చేపనైనా కుళ్ళనిచ్చాడా?"

జక్కూరుకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడొకసారి ఒక చేప జాడీల వెనక పడి కుళ్ళిపోయింది. తప్పు తనదే. తండ్రి కొట్టలేదు. ఆ కుళ్ళిన చేపను చేతుల్లోకి తీసుకుని "దీన్ని పట్టడానికి ఒకడు రాత్రంతా తడిశాడురా" అని మాత్రం అన్నాడు. జక్కూరు గుమ్మం వైపు చూశాడు. మల్లూకు బట్టలు ఇంకా ఆరలేదు.

"కుళ్ళనివ్వలేదు" అన్నాడు మెల్లగా. "ఈ కుప్పలు చూసి ఉంటే ఆయన నన్ను ఒట్టు అడిగేవాడే కాదు."

"ఆయన అడక్కపోతే?" అన్నాడు యోయెజెరు ముందుకు వంగి.

"నేను వేసేవాణ్ణి కాదు."

"అదీ తలుపు" అన్నాడు యోయెజెరు. ముగ్గురూ కలిసి చెప్పాలి, అది పద్ధతి. "నీ ఒట్టు విప్పాం, విప్పాం, విప్పాం" అని యోయెజెరు, అదాయా, గుడ్డలోంచి పినెహాసు ఒకే గొంతుతో అన్నారు. యోయెజెరూ అదాయా ఒక మాట కలిసి చెప్పడం మా ఊరివాళ్ళం అప్పుడే విన్నాం.

తర్వాత ఎవరు ఏ పని చేశారో చెప్పడం కష్టం. గంపలు మనుషులను తోసుకుంటూ వచ్చాయి. అదాయా మెట్ల మీద నిలబడి అందించాడు. పినెహాసు కళ్ళు మూసుకుని మోశాడు. జక్కూరు తొట్టి అడుగుకు దిగి ఉప్పు పరిచి, మొదటి వరస చేప పరిచి, గుప్పెడు నిండా ఉప్పు తీసుకుని చెయ్యి ఎత్తాడు.

"జక్కూరు గారూ" అన్నాడు మల్లూకు పైనుంచి, భయం భయంగా. "ఇవి ఎడారి దాటేవి కాదండీ. మేం తినేవి."

జక్కూరు తన గుప్పెడు చూసుకున్నాడు. చేపలను చూశాడు. ఎన్నో ఏళ్ళుగా లక్షల చేపలకు ఉప్పు వేసిన మనిషి, అంత చిన్నదాన్ని నిదానంగా చూడడం బహుశా అదే మొదటిసారి. వేళ్ళు కాస్త సడలించి సగం ఉప్పు గంపలోకి జారవిడిచాడు. మిగతా సగం జాగ్రత్తగా చల్లాడు.

ఇక కొమ్ము ఊదాల్సింది యోయెజెరే. మందిరం కప్పు మీదికి నిచ్చెన ఎక్కాలి. అంత నియమం గల మనిషి ఆ రోజు ప్రతి మెట్టు మీదా ఆగి మోకాలు పట్టుకున్నాడు. సగం ఎక్కాక కొమ్ము కింద మరిచానని దిగాడు. కొమ్ము ఆయన నడుముకే ఉందని కింద నిలబడ్డ ఆడవాళ్ళందరికీ కనపడుతూనే ఉంది. ఒక్కరూ నోరు మెదపలేదు. మళ్ళీ ఎక్కాడు. సూర్యుడు కొండ అంచు తాకే ముందు, జక్కూరు తొట్టి మీద ఆఖరి బరువు రాయి పడ్డ చప్పుడయ్యాక, కొమ్ము మోగింది. సూర్యుడి కంటే ముందే మోగింది. ఆ సంగతి యోయెజెరు తర్వాత చాలాసార్లు నొక్కి చెప్పుకున్నాడు.

ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి. జక్కూరు స్నానం చేసి వచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. నిండిన తొట్టి వైపు చూస్తే గుండెల్లో ఏదో ఖాళీ అయినట్టుంది. అదాయా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బావా, మకరం రేపే వస్తే?"

"ఆగమను" అన్నాడు జక్కూరు. "ఇవి ఊరాలి."

వారాలు గడిచి తొట్టి తెరిచారు. ఉత్తరపు రేవు ఇళ్ళన్నిటికీ పంచారు. మిగిలింది అమ్మగా వచ్చిన డబ్బు కూడా వాళ్ళకే పోయింది. ఒక చిన్న జాడీ నింపి అదాయా చేతికిచ్చాడు జక్కూరు, వాళ్ళ మొదటి రోజు భోజనానికి. వాళ్ళ మెస్సీయను నమ్మి ఇచ్చింది కాదని గట్టిగా చెప్పి మరీ ఇచ్చాడు. ఆ భోజనం అయిన మర్నాడు అదాయా ఖాళీ జాడీ తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"అందరం తిన్నాం బావా. ఒక్కడూ నీళ్ళడగలేదు."

జక్కూరు జాడీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సమాజమందిరం అరుగు మీద నీళ్ళ గురించి తను అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది. అదాయాకు కూడా గుర్తొచ్చి ఉండాలి, కానీ మంచివాడు కనుక ఎత్తిపొడవకుండా వెళ్ళిపోయాడు.

చచ్చేదాకా జక్కూరు అదాయా వాళ్ళలో కలవలేదు. మందిరంలో యోయెజెరు వెనకే కూర్చున్నాడు. మెస్సీయ వచ్చాడని ఒప్పుకోలేదు, రాలేదని ఇదివరకటంత గట్టిగా వాదించనూ లేదు. తొట్టి మళ్ళీ ఎన్నడూ ఖాళీగా ఉండలేదు. అయితే ఎప్పుడు తెరిచినా ముందుగా రెండు చిన్న చేపలు ఏరి, ద్రాక్షాకులో చుట్టి, వంటింటి గూట్లో విడిగా పెట్టేవాడు.

"ఎవరికవి?" అని షెలోమీతు అడిగింది.

"వచ్చేవాడికి. మావాడు మొదటిసారి వచ్చినా, మీ తమ్ముడివాడు రెండోసారి వచ్చినా, దూరం నుంచి నడిచొస్తాడు. ఆకలితోనే వస్తాడు. రెండు చాలునని మీ తమ్ముడేగా అన్నాడు."

ఆమె వింది. విని ఊరుకునే మనిషి కాదు. గూట్లో చేపలు ఏ వారమూ నిలవలేదు. ఒక వారం తలుపు తట్టిన బిచ్చగాడు తిన్నాడు, ఇంకో వారం దారి తప్పిన ఒంటెలవాడు, మరో వారం చంటిబిడ్డతో వచ్చిన మల్లూకు భార్య. ఒకరోజు జక్కూరు గూడు తడిమి చూసి ఒట్టి ఆకు దొరికేసరికి మండిపడ్డాడు.

"ఆయన కోసం పెట్టినవే అవి. ఎవడికి పెట్టావు?"

"ఆకలేస్తోందని ఒకడొచ్చాడు."

"ఎవడో ఒకడికి పెట్టడానికా నేను దాచింది?"

షెలోమీతు పిండి కలుపుతున్న చేతులు ఆపలేదు. "నేను పేరు అడగలేదయ్యా. ఆయన కాడని నీకెవరు చెప్పారు?"

జక్కూరు ఆమె వైపు చూశాడు. గుమ్మం బయట, ఆ మనిషి వెళ్ళిన సందు వైపు చూశాడు. ఎవరూ లేరు. ఆకు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. తొట్టి మూత జరిపి ఇంకో రెండు చేపలు ఏరాడు. పైన అంటిన ఉప్పు వేలితో తుడిచి గూట్లో పెట్టాడు.